గ్రూపు ఎవరిది?

2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది. తన గ్రూప్స్ సేవలో అప్పటిదాకా పోగుపడిన ఉత్తరాలు, ఫోటోలు, ఫైళ్ళు అన్నీ డిసెంబరు 14న తుడిచేస్తామనీ, కావలసినవాళ్ళు ఈలోగా దించుకోవచ్చనీ దాని సారాంశం. దాదాపు ఇరవై ఏళ్ళ మాటలకు రెండు నెలల గడువు. గోల జరిగాక దాన్ని 2020 జనవరి 31 దాకా పొడిగించారు. ఆ ఏడాది డిసెంబరు 15న సేవనే మూసేశారు. పాత గుంపుల్ని కాపాడదామని పూనుకున్న వలంటీర్లు పెద్ద ఎత్తున ప్రతులు తీయబోతే, వాళ్ళ ఖాతాల్లో కొన్నిటిని కంపెనీ నిలిపేసింది కూడా. తెలుగువాళ్ళకు ఈ కథలో వాటా ఉంది. రచ్చబండ, ఛందస్సు వంటి పేర్లతో సాహిత్యం మీదా పద్యం మీదా ఏళ్ళ తరబడి వాదులాడుకున్నది యాహూ గుంపుల్లోనే. అంతకుముందు, 1990లలో, ఎక్కువగా అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్‌లో సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే వేదిక మీద, తెలుగు ఫాంట్లు లేని ఆ రోజుల్లో, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. విచిత్రం ఏమిటంటే పాతదైన యూజ్‌నెట్ చర్చలు ఈరోజుకీ వెతికితే చాలావరకు దొరుకుతాయి. దానికంటే కొత్తవైన యాహూ గుంపుల్లో ఎవరో ఓపిగ్గా దాచిపెట్టుకున్నవి తప్ప మిగతావి దొరకవు.

యూజ్‌నెట్‌కు యజమాని లేడు. అది ఒక కంపెనీ కాదు, సర్వర్ల మధ్య ఒక ఒప్పందం. ఏ విశ్వవిద్యాలయమైనా పక్క సర్వరు నుంచి సందేశాలు తెచ్చుకుని తన దగ్గర ఒక ప్రతి ఉంచుకోవచ్చు. టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1980లలో ఆ సందేశాల్ని టేపుల మీద భద్రపరిచాడు. అందుకు ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది. 1995లో మొదలైన డేజా న్యూస్ తన వంతు పోగుచేసింది. గూగుల్ 2001లో దాన్ని కొని, ఆ టేపుల్నీ కలుపుకుంది. (ఆ నిధి కూడా చివరికి ఒక కంపెనీ గూటికే చేరిందన్నది వేరే బెంగ.) యాహూ గుంపుల విషయంలో ఉన్నది ఒకటే ప్రతి, అది ఉన్నది ఒకరి దగ్గరే. ఆ ఒకరికి అక్కర తీరింది, అంతే. వాట్సాప్, డిస్కార్డ్, స్లాక్, టెలిగ్రామ్‌ల మీద నడుస్తున్న నేటి సమూహాల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఏ యాప్ బాగుంది, ఏది భద్రం, ఏది మన సమాచారం అమ్ముకుంటోంది అని అడుగుతాం. నా మటుకు అసలు ప్రశ్న అంతకన్నా మోటుది. రేపు ఈ గుంపు ఇక్కడినుంచి లేచి వెళ్ళాల్సి వస్తే తనతో ఏం పట్టుకెళ్ళగలదు? సభ్యుల్ని మళ్ళీ పిలిచే దారి, ఇంతకాలం మాట్లాడుకున్నది, అందరూ గుర్తుపట్టే పేరు – ఇవి గుంపు చేతిలో ఉన్నాయా, యాప్ చేతిలోనా? ఓపెన్ ప్రోటోకాల్ మీద, అంటే యూజ్‌నెట్‌లా ఎవరైనా పాటించగల ఒప్పందం మీద, నడిచే ప్రత్యామ్నాయాల్ని సమర్థించడానికి ఈ ఒక్క కారణం చాలు. గోప్యత, స్వేచ్ఛ, ఆదర్శం వంటి మిగతా కారణాలు దీని తర్వాతే.

దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం ఫ్రీనోడ్ పతనం. ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతిని 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ తయారుచేశాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో చాలా భాగం ఏళ్ళ తరబడి ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కులోనే కూర్చుంది. ఉబుంటు, జెంటూ, వికీమీడియా అన్నీ అక్కడే. దాన్ని నడిపినవాళ్ళు వలంటీర్లు. కానీ దాని పేరు మీద ఉన్న చిన్న కంపెనీ 2017లో ఒక వ్యాపారవేత్త చేతికి వెళ్ళింది. పెత్తనం ఎవరిదన్న గొడవ ముదిరి, 2021 మే 19న వలంటీర్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి, అదే రోజు లిబెరా.చాట్ అనే కొత్త నెట్‌వర్కు తెరిచారు. అది స్వీడన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ. తర్వాత జరిగింది చూడండి. తమ చానెల్ శీర్షికలో 'లిబెరాకు మారాం' అని రాసుకున్న ఏడు వందలకు పైగా చానెళ్ళను ఫ్రీనోడ్ కొత్త యాజమాన్యం ఒక్క రాత్రిలో స్వాధీనం చేసుకుంది. జూన్‌లో పాత సాఫ్ట్‌వేర్‌నే తీసేసి, నమోదైన పేర్లన్నీ చెరిపేసి, మొదటినుంచీ మొదలుపెట్టింది. ఒక కంపెనీ యాప్ మీద ఇదంతా జరిగి ఉంటే ఆ సమూహాల పని అక్కడితో సరి. ఇక్కడ మాత్రం సభ్యులు చేయాల్సిన పని తమ పాత ప్రోగ్రాములో సర్వరు చిరునామా ఒక్కటి మార్చుకోవడం. కొత్త యాప్ దించుకోనక్కర్లేదు, కొత్త అలవాటు నేర్వనక్కర్లేదు. కొన్ని వారాల్లోనే పెద్ద ప్రాజెక్టుల్లో చాలావరకు లిబెరాలో స్థిరపడ్డాయి. ఫ్రీనోడ్ పేరు మాత్రమే మిగుల్చుకుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఓపెన్ వ్యవస్థలోనూ దురాక్రమణ జరిగింది. ఓపెన్ అయినంత మాత్రాన మంచివాళ్ళ చేతిలో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. చెడ్డ చేతిలో పడినప్పుడు బయటపడే ఖర్చు తక్కువగా ఉంది. తేడా అంతా అక్కడే ఉంది.

దీని పక్కన స్లాక్ కథ పెట్టండి. 2013–14లో వచ్చిన స్లాక్, ఐఆర్‌సీ వాళ్ళను ఆకట్టుకోవడానికి తలుపులు తెరిచే ఉంచింది. ఐఆర్‌సీ ప్రోగ్రాములతోనూ, ఎక్స్‌ఎంపీపీ అనే మరో ఓపెన్ చాట్ పద్ధతి ప్రోగ్రాములతోనూ లోపలికి రావచ్చు అంది. జనం చేరి అలవాటు పడ్డాక, 2018 మే 15న ఆ తలుపులు మూసేసింది. ఉచితంగా వాడుకునేవాళ్ళకు మొదట చివరి పదివేల సందేశాలు కనబడేవి. 2022 సెప్టెంబరు నుంచి తొంభై రోజులవి మాత్రమే. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని దాచడం కూడా మానేసి చెరిపేయడం మొదలుపెట్టింది. ఈలోగా 2021లో సేల్స్‌ఫోర్స్ దాన్ని 27.7 బిలియన్ డాలర్లకు కొనుక్కుంది. 2025 జూన్‌లో క్యూబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు సభ్యులకు, తమకు ఇన్నేళ్ళుగా ఉన్న ప్రత్యేక ఉచిత సదుపాయం కొద్ది రోజుల్లో రద్దవుతుందని తెలిసింది. అదే ఏడాది సెప్టెంబరులో హైస్కూలు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే హ్యాక్ క్లబ్ అనే సంస్థకు మరో దెబ్బ. ఏడాదికి 5,000 డాలర్లు కడుతున్న ఆ సంస్థను ఇకపై ఏటా సుమారు రెండు లక్షలు కట్టమనీ, అందులో 50,000 వారం లోపే ఇవ్వమనీ, లేకపోతే పదకొండేళ్ళ సంభాషణలు అందకుండా పోతాయనీ అన్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ గొడవ బయటపడి నలుగురి నోళ్ళలో నానాక స్లాక్ వెనక్కి తగ్గింది. కానీ వెనక్కి తగ్గించగలిగింది ఎవరు? ప్రపంచమంతా గమనించే సంస్థలు. గుంటూరులోనో నిజామాబాదులోనో నడిచే ఒక చిన్న బృందానికి అదే నోటీసు వస్తే వినేవాడెవడు? ఇంకో సంగతి. క్యూబర్నెటీస్ వాళ్ళు ఆ హడావిడిలో తలదాచుకునే చోటుగా మొదట ఆలోచించింది డిస్కార్డ్‌ను. అంటే ఒక కంపెనీ వసారాలోంచి ఇంకో కంపెనీ వసారాలోకి. గడువు మెడమీద ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు, తీరిగ్గా ఎంచుకునే వ్యవధి ఉండదు కనుక. డిస్కార్డ్ సంగతి కూడా తెలిసిందే. వయసు నిర్ధారణ కోసం జనం పంపిన గుర్తింపు కార్డుల ఫోటోలు సుమారు 70,000 మందివి బయటి కాంట్రాక్టరు దగ్గరనుంచి పరుల పాలయ్యాయని 2025 అక్టోబరులో అదే ఒప్పుకుంది.

ఓపెన్ ప్రోటోకాల్ ఒక్కటే కాపాడుతుందని అనుకోవడం కూడా అమాయకత్వమే. 1999లో జెరెమీ మిల్లర్ జాబర్‌ను ప్రకటించాడు. ఈమెయిల్‌లాగా ఏ సర్వరు మీదివాళ్ళైనా ఇంకో సర్వరు వాళ్ళతో మాట్లాడుకోగల చాట్ అది. 2004లో దానికి ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణం హోదా వచ్చింది. 2005లో గూగుల్ టాక్ దానిమీదే మొదలై, మరుసటి ఏడాది బయటి సర్వర్లతో కలిసింది. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010లో ఒక కిటికీ తెరిచింది. అంతా ఒక్కటవుతున్నట్టే కనబడింది. 2013లో గూగుల్ హ్యాంగవుట్స్ తెచ్చి బయటివాళ్ళకు తలుపేసింది. ఫేస్‌బుక్ కూడా తన కిటికీ మూసుకుంది. చిన్న సర్వర్ల మీద ఉన్నవాళ్ళు ఒక పూట తెల్లారేసరికి తమ స్నేహితులందరూ గోడ అవతల ఉన్నారని తెలుసుకున్నారు. ఇందులో కొసమెరుపు ఏమిటంటే, మనం రోజూ గుడ్‌మార్నింగులు పంపుకునే వాట్సాప్ మొదట్లో నిలబడ్డది కూడా ఈ ఎక్స్‌ఎంపీపీ మీదే. ఈజాబర్‌డీ అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌ను తనకు కావలసినట్టు మార్చుకుని, బయటికి మాట్లాడే దారి తీసేసి వాడుకుంది. అందరి ఉమ్మడి సొత్తు మీద ఎవరైనా కోట కట్టుకోవచ్చు, లైసెన్సు అడ్డుచెప్పదు. కాబట్టి ప్రోటోకాల్ ఓపెన్‌గా ఉండటంతో పాటు, దాన్ని వాడేవాళ్ళు ఒకే పెద్ద సర్వరు దగ్గర గుమిగూడకుండా ఉండటం కూడా అవసరం. ఫ్రీనోడ్ వాళ్ళు తప్పించుకోగలిగారు, గూగుల్ టాక్ మీద వాలిన ఎక్స్‌ఎంపీపీ వాళ్ళు తప్పించుకోలేకపోయారు. మొదటి సందర్భంలో కదిలింది సమూహం. రెండో సందర్భంలో జనం విడివిడిగా ఉన్నారు, వాళ్ళను కలిపి ఉంచిన చిరునామా పుస్తకం గూగుల్ దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. దాన్ని లేవనెత్తింది కంపెనీల తరఫు మనిషి కాదు, సిగ్నల్‌ను తయారుచేసిన మాక్సీ మార్లిన్‌స్పైక్. 2016లో ఆయన వాదించింది స్థూలంగా ఇది: పలు సర్వర్లు కలిసి నడిపే వ్యవస్థ ఎప్పటికీ కాలంతో పాటు మారలేదు, ఎందుకంటే చిన్న మార్పుకైనా అందరూ ఒప్పుకోవాలి. ఈమెయిల్ దశాబ్దాలు గడిచినా ఎన్‌క్రిప్ట్ కాలేదు. ఎక్స్‌ఎంపీపీలో ఒక్కొక్క యాప్ ఒక్కొక్క సౌకర్యాన్నే అర్థం చేసుకుంటుంది. అదే ఒకే కేంద్రం నుంచి నడిస్తే ఒక్క నిర్ణయంతో కోట్లమందికి రక్షణ ఇవ్వొచ్చు. ఆ మాట నిజమని ఆ ఏడాదే రుజువైంది. సిగ్నల్ పద్ధతినే తీసుకుని వాట్సాప్ తన వాడుకరులందరికీ ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది. ఓపెన్ పక్షాన మాట్రిక్స్ అనే చాట్ ప్రోటోకాల్ 2014లో మొదలైతే, ప్రైవేటు గదుల్లో ఎన్‌క్రిప్షన్‌ను అడగకుండానే ఇచ్చే స్థితికి 2020 మేలో గానీ రాలేదు. గుంపుల ఎన్‌క్రిప్షన్‌కు ఎంఎల్‌ఎస్ అనే ఓపెన్ ప్రమాణం ఖాయమైంది 2023లో. నత్తనడకే, కాదనను. కానీ మాక్సీ వాదం ఇద్దరు మనుషుల రహస్య సంభాషణను ఎదురుగా పెట్టుకుని చేసినది. ఒక విలేఖరి, ఆయనకు సమాచారమిచ్చే మనిషి – వాళ్ళకు కావలసింది ఇవాళ్టి భద్రత, రేపటికి ఆనవాలు లేకపోవడం. సమూహం అవసరం దాదాపు దీనికి వ్యతిరేకం. మూడేళ్ళ కిందట ఒకరు అడిగిన సందేహం, దానికి మరొకరు ఓపిగ్గా ఇచ్చిన జవాబు ఇవాళ చేరిన కొత్త మనిషికి దొరకాలి. సమూహానికి గుట్టు కంటే జ్ఞాపకం ముఖ్యం. రహస్యానికి సిగ్నల్ వాడండి, అంతకంటే మంచిది అరుదు. అది ఓపెన్ సోర్సే, కానీ ఒకే సంస్థ సర్వర్ల మీద, ఆ సంస్థ నిబంధనలతో నడుస్తుంది. టెలిగ్రామ్‌ను ఓపెన్ అనుకునేవాళ్ళు మనలో చాలామంది. దాని ఫోన్ యాప్ కోడ్ బయట ఉంది, సర్వరు కోడ్ లేదు. ఓపెన్ అన్న ముద్ర చూసి ఊరుకోకుండా, ఏ భాగం ఓపెన్ అని అడగాలి.

రెండో అభ్యంతరం ఆచరణది, మనందరికీ తెలిసినది: 'అందరూ వాట్సాప్‌లో ఉన్నారు, మేం వెళ్ళి ఎవరితో మాట్లాడాలి?' 2021 జనవరి దీనికి ఉదాహరణ. వాట్సాప్ కొత్త గోప్యతా విధానం ప్రకటించగానే ఇండియాలో జనం కోట్లకొద్దీ కంగారుపడ్డారు, సిగ్నల్ సర్వర్లు ఆ తాకిడికి 15వ తేదీన ఆగిపోయాయి కూడా. కొన్ని వారాలకు దాదాపు అందరూ తిరిగి వాట్సాప్‌లోనే కనబడ్డారు. ఈ విధానం తప్పని మన పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసేనాటికి, జనం ఆ సంగతి మరచి మూడేళ్ళు దాటింది. దీన్ని బద్ధకమనీ అవగాహన లేకపోవడమనీ తీసిపారేయడం తేలిక. నేనలా అనుకోను. ఒక్కడిగా వెళ్ళినవాడు ఒంటరి అవుతాడు, ఆ లెక్క జనానికి బాగా తెలుసు. కదలాల్సింది మనిషి కాదు, గుంపు. మొజిల్లా 2019 ఏప్రిల్‌లో ఐఆర్‌సీ వదిలేస్తామని చెప్పి, మాట్రిక్స్, మాటర్‌మోస్ట్, రాకెట్.చాట్, స్లాక్ – ఈ నాలుగింటినీ సభ్యులతో వాడించి చూసి, వాళ్ళ మాట విని, డిసెంబరులో మాట్రిక్స్‌ను ఎంచుకుంది. పాత సర్వర్‌ను మరుసటి మార్చిలో ఆపింది. దాదాపు ఏడాది పట్టింది, ఎవరూ గాలిలో వేలాడలేదు. ఐఆర్‌సీ కూడా ఓపెనే కదా, ఎందుకు వదిలారు? కొత్తగా వచ్చేవాళ్ళకు అది గడ్డుగా ఉందనీ, వేధింపుల్ని అరికట్టే సాధనాలు చాలవనీ. ఓపెన్ అన్న పేరు ఉంది కదాని మిగతావి సహించాల్సిన పని లేదని వాళ్ళు చెప్పినట్టే. కేడీఈ సముదాయం కూడా 2019లోనే మాట్రిక్స్‌కు వెళ్ళింది, పాత ఐఆర్‌సీ గదులతో వంతెన ఉంచుకుని. వంతెనలు ఉపయోగమే గానీ శాశ్వతం కావు. మాట్రిక్స్‌కూ లిబెరాకూ మధ్య ఉన్న పెద్ద వంతెన 2023 ఆగస్టులో ఆగిపోయింది. మారే కాలానికి అవి పనికొస్తాయి, కాపురానికి పనికిరావు.

'విదేశీ కంపెనీ వద్దు, స్వదేశీ యాప్ ఉందిగా' అనే మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. కూ గుర్తుందా? ట్విటర్‌కు మన జవాబు అని 2020లో వచ్చింది, మంత్రులు చేరారు, తెలుగులోనూ రాసుకున్నారు. 2024 జూలైలో మూతపడింది. అందులో తెలుగులో రాసినవాళ్ళకు దక్కింది యాహూ గుంపుల వాళ్ళకు దక్కిందే. యజమాని ఊరు బెంగళూరైనా కాలిఫోర్నియా అయినా, ప్రతి ఒకటే అయినప్పుడు ఫలితం ఒకటే. జోహో వాళ్ళ మెసేజింగ్ యాప్ అరట్టై 2021లో వచ్చి మూలనుంది. 2025 సెప్టెంబరు చివర్లో కేంద్ర మంత్రులు పొగిడాక మూడు రోజుల్లో దాని రోజువారీ చేరికలు మూడు వేల నుంచి మూడున్నర లక్షలకు పెరిగాయని జోహో స్థాపకుడు శ్రీధర్ వెంబు చెప్పారు. ఆయనే అప్పుడు ఇంకో మాట కూడా అన్నారు. ఇలాంటి సేవలు వాట్సాప్‌లా మూసుకుని ఉండకూడదనీ, యూపీఐలా, ఈమెయిల్‌లా ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలనీ. ఆ మాట నిలబెట్టుకుంటే అది స్వదేశీ కావడం కంటే పెద్ద విశేషం. నిలబెట్టుకునేదాకా అదీ ఒక కంపెనీ యాప్.

సర్వరు ఎవరు నడుపుతారు, డబ్బెవరు పెడతారు అన్నదానికి నా దగ్గర తీపి జవాబు లేదు. వలంటీర్లు అలసిపోతారు. ఇంటర్నెట్ ఆరోగ్యం గురించి అంత మాట్లాడే మొజిల్లాయే ట్విటర్‌లాంటి ఓపెన్ వేదిక మాస్టోడాన్‌లోని తన సర్వర్‌ను 2024 డిసెంబరులో కట్టేసింది. మాట్రిక్స్ ప్రధాన సర్వర్‌లోకి 2019 ఏప్రిల్‌లో దొంగలు జొరబడ్డారు. మాట్రిక్స్‌లో ఖాతాను ఒక సర్వరు నుంచి ఇంకోదానికి ఉన్నదున్నట్టు మార్చుకునే వీలు ఇంకా కుదరలేదు. అయితే అందులో ఒక గది సంభాషణ, అందులో పాల్గొనే సర్వర్లన్నిటి మీదా ప్రతిగా ఉంటుంది. ఒక సర్వరు పోతే గది పోదు. యూజ్‌నెట్ బతికిన ఉపాయమే ఇది. మన దేశంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఆఫ్ ఇండియా సభ్యులు చందాలతో ఇలాంటి ఉమ్మడి సేవలు నడుపుతూ వచ్చారు. ఫోన్ నంబరుతో తేలిగ్గా చేరగలిగేలా ఎక్స్‌ఎంపీపీ మీద ప్రవ్ అనే యాప్‌ను సహకార సంఘం పద్ధతిలో నడపాలన్న ప్రయత్నం కూడా ఉంది. పాల సంఘాల్నీ చేనేత సొసైటీల్నీ చూసినవాళ్ళం, చందా కట్టి ఉమ్మడిగా నడుపుకోవడం మనకు కొత్త కాదు. ఆ సొసైటీలు ఎలా పాడవుతాయో కూడా మనకు తెలుసు, కాబట్టి లెక్కలు అడిగే అలవాటు మొదటినుంచీ ఉండాలి.

ప్రభుత్వం సంగతి వేరు. 2023 మేలో కేంద్రం జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ పద్నాలుగు మెసేజింగ్ యాప్‌లను నిషేధించింది. అందులో మాట్రిక్స్ యాప్ ఎలిమెంట్, మరో ఓపెన్ యాప్ బ్రయార్ ఉన్నాయి. సరిగ్గా అదే మాట్రిక్స్ మీద ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో చాప్ అనే మెసెంజర్ కట్టుకుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి మంత్రులూ వాళ్ళ కార్యాలయాలూ వాట్సాప్, టెలిగ్రామ్ వదిలి దాన్నే వాడాలని ఆ దేశ ప్రధాని ఆదేశించారు. జర్మనీ సైన్యం కూడా మాట్రిక్స్ మీదే తన మెసెంజర్ నడుపుతోంది. ఒకరికి దేశభద్రతా సాధనం, ఇంకొకరికి దేశభద్రతకు ముప్పు. ఈ నిషేధం వల్ల భయపడి వెనక్కి తగ్గే అడ్మిన్లను నేను తప్పుపట్టను. కానీ మాట్రిక్స్ విషయంలో నిషేధం పడింది ఒక యాప్ మీద. అదే ప్రోటోకాల్‌తో పనిచేసే ఇతర యాప్‌లతో ఆ గదుల్లోకి వెళ్ళే వీలుంది. రేపు వాట్సాప్‌కు అదే గతి పడితే దాని గుంపులకు అలాంటి పెరటి దారి లేదు.

ఇదంతా చదివి ఇంటి గ్రూపును మాట్రిక్స్‌కు మార్చమని నేనంటున్నాననుకోకండి. పిన్ని కూతురి పెళ్ళి ఫోటోలు వాట్సాప్‌లోనే ఉండనివ్వండి. అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకర్ గురించిన కబురుకు రెండు రోజుల తర్వాత విలువ లేదు. మార్చాల్సినవి వేరు. పాత కథల పత్రికల్ని స్కాన్ చేసుకుంటున్న ఒక బృందం. జిల్లా ఉపాధ్యాయులు పాఠాలు, ప్రశ్నపత్రాలు పంచుకునే గుంపు. రైతులకు పురుగుల మందుల గురించి వ్యవసాయ శాస్త్రజ్ఞులు జవాబులిచ్చే గుంపు. తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, నిఘంటువుల మీద పనిచేసే వలంటీర్లు. ఇలాంటిచోట్ల మాటలే పని, పనే ఆస్తి. వాట్సాప్ గ్రూపు 1,024 మంది దగ్గర ఆగుతుంది. ప్రతి సభ్యుడి నంబరు మిగతావాళ్ళకు కనబడుతుంది. ఎంతమంది ఆడవాళ్ళు ఈ ఒక్క కారణానికి సాహిత్య గ్రూపుల్లోంచి తప్పుకున్నారో లెక్కపెట్టినవాళ్ళు లేరు. లోపల జరిగిన చర్చ బయట వెతికితే దొరకదు. అడ్మిన్ ఫోను నంబరును కంపెనీ నిలిపేస్తే – మన దేశంలో వాట్సాప్ నెలనెలా లక్షల్లో ఖాతాలు నిలిపేస్తున్నట్టు దాని నివేదికలే చెబుతాయి – అప్పీలు పెట్టుకుని కూర్చోవడమే. దీనికి భిన్నంగా తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే పేరే ఉన్న చర్చా పేజీలో 2003 తర్వాతి తొలి ఏళ్ళలో జరిగిన వాదాలు సైతం తేదీలతో, పేర్లతో, ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. తెలుగులో వికీపీడియా విధానాలు ఎలా ఏర్పడ్డాయో రాయదలచినవాడికి అదే ఆకరం. ఇటీవలి వాట్సాప్ సాహిత్య గ్రూపుల చరిత్ర రాయాలంటే అలాంటి ఆకరం ఉండదు. కొందరి ఫోన్లలో బ్యాకప్ అయి ఉన్న ముక్కలుంటాయి, అంతే.

అలాంటి గుంపు నడిపేవాళ్ళు ఇవాళే సర్వరు కొననక్కర్లేదు. ముందు సభ్యుల ఈమెయిళ్ళు అడిగి, వాళ్ళ ఇష్టంతో, ఒక జాబితా తయారుచేసుకోండి. గుంపు పేరు మీద ఒక డొమైను కొని అక్కడ ఒక పేజీలో 'ప్రస్తుతం ఇక్కడ కలుస్తున్నాం' అని లింకు పెట్టండి. రేపు లింకు మారినా పేరు మారదు. దాచదగ్గ చర్చల్ని నెలకోసారి ఎవరో ఒకరు రాసినవాళ్ళ అనుమతితో అందరికీ కనబడేచోట పెట్టండి. ఇవి జరిగాక జులిప్, మాట్రిక్స్, డిస్కోర్స్ ఏది బాగుంటుందో పదిమందితో ఒక నెల వాడి చూడండి. వీటిలో జులిప్ ఓపెన్ సోర్సే గానీ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అయినా మొత్తం సంభాషణల్ని దించుకుని మరో సర్వరు మీద తిరిగి నిలబెట్టుకోవచ్చు, అంశాలవారీగా చర్చ నడుస్తుంది కనుక ఆలస్యంగా వచ్చినవాళ్ళూ అందుకోగలరు. నా ఓటు చాలా గుంపులకు దానికే. పాత గ్రూపును ఒక్కసారి మూసేయకండి. ప్రకటనలకు ఉంచి, చర్చను మాత్రం కొత్తచోటికి తీసుకెళ్ళండి. సగం మంది రారు. ఆ సగంలో ఎక్కువమంది పాతచోటా మాట్లాడనివాళ్ళే అయి ఉంటారు.

ఇక్కడిదాకా గుంపులు చేసుకోగలవి. గుంపుల చేతిలో లేనిది ఒకటుంది, అది చట్టం. 2011 జనవరిలో మన టెలికాం సంస్థలు ఫోన్ నంబరును కంపెనీ మారినా ఉంచుకునే హక్కు ఇచ్చింది దయతో కాదు, ట్రాయ్ నిబంధనతో. 2016లో యూపీఐ వచ్చినప్పుడు ఏ యాప్ నుంచైనా ఏ బ్యాంకుకైనా డబ్బు వెళ్ళాలన్నది పునాది నియమం. ఫోన్‌పే వాడేవాడు గూగుల్ పే వాడికి డబ్బు పంపగలడు గానీ, సిగ్నల్ వాడేవాడు వాట్సాప్ వాడికి 'బాగున్నారా' అని పంపలేడు. డబ్బు విషయంలో సాధ్యమైనది మాట విషయంలో సాధ్యం కాదనే వాదాన్ని యూరప్ ఇప్పటికే కొట్టిపారేసింది. అక్కడి డిజిటల్ మార్కెట్స్ చట్టం 2024 మార్చి నుంచి మెటాను ఇతర మెసేజింగ్ సేవలతో కలవమని కట్టడి చేస్తోంది. 2025 నవంబరులో బర్డీచాట్, హైకెట్ అనే రెండు చిన్న యాప్‌లకు వాట్సాప్ తలుపు తెరుస్తున్నట్టు మెటా ప్రకటించింది. తెరుచుకున్న సందు చిన్నదే, ఆ వీలు కూడా యూరప్ వాడుకరులకే. మన దగ్గర డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా కూడా 2024 మార్చిలోనే వచ్చింది. అది చట్టం కాలేదు.